ఇంటి ఫొటోలతో కంప్యూటర్‌కు స్క్రీన్ సేవర్ అమర్చుకోవడం

విండోస్ కంప్యూటర్‌లో ఫొటోల స్క్రీన్ సేవర్‌ను అమర్చడానికి రెండు నిమిషాలు చాలు. అందులో కనిపించవలసిన ఫొటోలను ఎంచి, శుభ్రం చేసి, తెరకు సరిపడేలా తయారు చేయడానికి మాత్రం నాకు మూడు ఆదివారాలు పట్టింది. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఫొటోల తయారీ గురించే ఉంటుంది. ఏ బటన్ ఎక్కడ నొక్కాలన్నది ఆ తరువాత వస్తుంది. ఈ వరుసను తలకిందులు చేసి, ముందుగా స్క్రీన్ సేవర్‌ను ఆన్ చేసి, ఉన్న ఫొటోలన్నిటినీ దానికి అప్పగిస్తే ఏమవుతుందో నాకు అనుభవమే కాబట్టి ఆ సంగతి కూడా చెబుతాను.

స్క్రీన్ సేవర్ పుట్టింది ఫొటోలు చూపడానికి కాదు. పాత గాజుగొట్టపు మానిటర్లలో తెర లోపలి వైపు ఫాస్ఫర్ పూత ఉండేది. అవే అక్షరాలు, అదే మెనూ గంటల తరబడి ఒకే చోట వెలుగుతూ ఉంటే అక్కడి పూత మిగతా చోట్ల కంటే త్వరగా అరిగిపోయి, మానిటర్ ఆపేసినా ఆ అక్షరాల నీడ తెర మీద నిలిచిపోయేది. దీనికి విరుగుడుగా జాన్ సోచా అనే ప్రోగ్రామర్ రాసిన చిన్న ప్రోగ్రామ్ 1983 డిసెంబరులో సాఫ్ట్‌టాక్ పత్రికలో అచ్చయింది. మూడు నిమిషాల పాటు ఎవరూ కీబోర్డును తాకకపోతే అది తెరను నల్లగా మార్చేది. ఈ రోజు మన బల్లల మీద ఉండే ఎల్‌సీడీ మానిటర్లలో తెర వెలిగే పద్ధతే వేరు కాబట్టి ఆ పాత భయం లేదు. ఇప్పుడు ఫొటోల స్క్రీన్ సేవర్ పెట్టుకోవడానికి మిగిలిన కారణం ఒక్కటే: వేల కొద్దీ ఫొటోలు తీసి దాచుకుంటున్న మనం వాటిని మళ్ళీ తెరిచి చూడడం లేదు. పని మధ్యలో కాఫీకి లేచి వెళ్ళి తిరిగి వచ్చేసరికి, ముప్పై ఏళ్ళ కిందటి సంక్రాంతి నాటి వాకిలి తెర మీద కనిపిస్తే, ఆ ఫొటోను ఎందుకు తీశారో ఆ ప్రయోజనం నెరవేరినట్టే.

ముందు ఒక ప్రత్యేకమైన ఫోల్డర్

మొదటిసారి నేను ఫోన్‌లోని ఫొటోలన్నిటినీ కంప్యూటర్‌లోకి దింపి, ఆ ఫోల్డర్‌నే స్క్రీన్ సేవర్‌కు చూపించాను. ఆ సాయంత్రం బంధువులు వచ్చి హాల్లో కూర్చుని ఉండగా, మా అమ్మాయి పుట్టినరోజు ఫొటో తరువాత మా అమ్మ రక్తపరీక్ష రిపోర్టు, దాని వెనుకే ఆమె ఆధార్ కార్డు తెర నిండా వచ్చాయి. అమ్మ ఏమీ అనలేదు గాని, తన ఆరోగ్యం సంగతి నలుగురికీ తెలియడం ఆమెకు ఇష్టం లేదని నాకు తెలుసు. మనందరి ఫోన్లలోనూ ఫొటోల మధ్య పాన్ కార్డులు, బ్యాంకు చలానాలు, పిల్లల మార్కుల జాబితాలు, వాట్సాప్‌లో వచ్చిన శుభోదయం బొమ్మలు కలగలిసి ఉంటాయి. కాబట్టి మొదటి నియమం ఇది: స్క్రీన్ సేవర్ కోసం ‘తెర ఫొటోలు’ వంటి పేరుతో ఒక కొత్త ఫోల్డర్‌ను చేసుకుని, మీ కంటితో చూసి ఎంచిన ఫొటోల కాపీలను మాత్రమే అందులో ఉంచాలి. అసలు ఫొటోలు వాటి చోట అవి ఉండాలి. ఇలా కాపీలు పెట్టుకుంటే వాటిని కత్తిరించినా, తిప్పినా, పేర్లు రాసినా అసలుకు ఏ హానీ జరగదు.

ఎన్ని ఫొటోలు కావాలన్న ప్రశ్నకు నా జవాబు 60 నుంచి 100 వరకు అన్నదే. ముప్పై ఉంటే వారం తిరిగేసరికి కంటికి అలవాటై చూడడం మానేస్తాము. వెయ్యి ఉంటే వాటిలో మంచివి ఎప్పటికోగాని వంతు రాక మరుగున పడిపోతాయి. ఒకే సందర్భంలో తీసిన పది ఫొటోలలో ఒక్కదానినే తీసుకోవాలి. పెళ్ళి ఆల్బమ్‌లో వరుసగా నిలబడి తీయించుకున్న ఫొటోల కంటే, వంటల దగ్గరో, పందిరి కింద నిద్రపోతున్న పిల్లల దగ్గరో తీసిన ఫొటోలు తెర మీద ఎక్కువ కాలం ఆకట్టుకుంటాయని నా అభిప్రాయం. కాలం చేసిన పెద్దవాళ్ళ ఫొటోల విషయంలో మాత్రం ఇంట్లో వాళ్ళను అడిగి చేర్చడం మంచిది. దండ వేసిన పటాన్ని కాకుండా, ఆ మనిషి నవ్వుతూనో పని చేసుకుంటూనో ఉన్న ఫొటోను ఎంచుకుంటే చూసేవాళ్ళకు ఊరటగా ఉంటుంది.

పాత ఫొటోలను స్కాన్ చేయడం

పాత ప్రింట్లే ఈ పనిలో అన్నిటికంటే విలువైనవి, అన్నిటికంటే ఓపిక కోరేవి కూడా. స్కానర్‌లో ఎంచుకోవలసిన డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలుగా బొమ్మను చదవాలన్న లెక్క, ముందుగా అర్థం చేసుకోవాలి. సాధారణమైన ఫుల్ హెచ్‌డీ మానిటర్ తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు ఉన్న ప్రింటును 300 డీపీఐలో స్కాన్ చేస్తే 1800×1200 చుక్కల బొమ్మ వస్తుంది. అది అడ్డంగా తెర కంటే కొంచెం తక్కువ. 600 డీపీఐలో చేస్తే 3600×2400 వస్తుంది. దానిని కొంత కత్తిరించుకున్నా తెర నిండా స్పష్టంగా ఉంటుంది. ఇక తాతగారిది ఒక్క పాస్‌పోర్టు సైజు ఫొటోయే మిగిలి ఉందనుకుందాం. దాని పొడవు 4.5 సెంటీమీటర్లు, అంటే సుమారు 1.77 అంగుళాలే కాబట్టి 1200 డీపీఐ పెట్టాలి. అప్పుడు పొడవు వైపు 2100 చుక్కలకు పైగా వస్తాయి. నేను పట్టణంలోని ఒక స్టూడియోకు ఆల్బమ్ ఇచ్చి స్కాన్ చేయించినప్పుడు ఈ లెక్క ముందుగా చెప్పలేదు. చేతికి వచ్చిన బొమ్మలు తెర మీద మసకమసకగా ఉండడంతో పని అంతా మళ్ళీ చేయవలసి వచ్చింది. బయట చేయిస్తున్నప్పుడు 600 డీపీఐ అని చీటీ మీద రాసి ఇవ్వండి.

నలుపు తెలుపు ఫొటోలను కూడా రంగుల అమరికలోనే స్కాన్ చేయాలి. కాలంతో వచ్చిన ఆ లేత గోధుమరంగు ఛాయ అలాగే నిలుస్తుంది, పసుపు మరకలను తరువాత సవరించుకోవడమూ సులభమవుతుంది. పాత రంగుల ప్రింట్లలో చాలా వాటికి ఎరుపు జీర కమ్మి ఉంటుంది; ప్రింటులోని రంగులన్నీ ఒకే వేగంతో వెలిసిపోకపోవడమే దీనికి కారణం. ఫొటో సవరించే ఏ ప్రోగ్రామ్‌లోనైనా రంగుల ఉష్ణతను (టెంపరేచర్), ఛాయను (టింట్) కొద్దికొద్దిగా జరిపి చూస్తే ముఖాల రంగు చాలావరకు తిరిగి వస్తుంది. అయితే పట్టుచీర రంగు సరిగా వచ్చిందా లేదా అన్నది ఆ చీర కట్టుకున్నవారినే పక్కన కూర్చోబెట్టుకుని అడగడం ఉత్తమం.

గోడకు వేలాడుతున్న పటాల సంగతి వేరు. వానాకాలపు తేమకు ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే దానిని లాగి తీయకూడదు. పై పొర ఊడి అద్దానికే ఉండిపోతుంది. అటువంటి పటాన్ని పగటిపూట కిటికీకి దగ్గరగా, నేరుగా ఎండ పడని చోట నిలబెట్టి, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫొటో తీయాలి. అద్దంలో మీ నీడ కనిపిస్తుంటే మీ వెనుక ఒక నల్లని దుప్పటిని పరదాలా కట్టండి, ప్రతిబింబం చాలావరకు మాయమవుతుంది. ఫోన్ పటానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి, లేకపోతే చతురస్రపు పటం కూడా ఒక వైపు కుంచించుకుపోయినట్టు వస్తుంది.

ఫోన్ ఫొటోలను దింపుకోవడం

బంధువుల దగ్గర ఉన్న ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపించుకుంటే వాటి పరిమాణం తగ్గిపోయి వస్తుంది. చిన్న బొమ్మ తెర మధ్యలో చిన్నగా కనిపించినా, తెర నిండా చాచి చూపినా, అందంగా ఉండదు. అందువల్ల ఫొటోను డాక్యుమెంట్‌గా జతచేసి పంపమని చెప్పండి. అప్పుడు అసలు ఫైలు తగ్గకుండా చేరుతుంది. ఐఫోన్‌లో తీసిన ఫొటోలు చాలావరకు హెచ్‌ఈఐసీ అనే రూపంలో ఉంటాయి, వాటిని విండోస్‌లో అన్ని ప్రోగ్రాములూ తెరవలేవు. ఫొటోస్ యాప్‌లో తెరిచి ‘సేవ్ యాజ్’ ద్వారా జేపెగ్‌గా మార్చుకోవచ్చు. ఇక ముందు తీసేవాటికి ఈ బాధ లేకుండా ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్ కింద ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే సరిపోతుంది. పక్కకు పడుకున్నట్టు కనిపించే ఫొటోలను ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కుడి క్లిక్ చేసి ‘రొటేట్ రైట్’ లేదా ‘రొటేట్ లెఫ్ట్’ తో సరిచేయండి.

తెర కొలతకు సరిపెట్టడం

ఫోన్ కెమెరాలు సాధారణంగా 4:3 నిష్పత్తిలో ఫొటో తీస్తాయి, మానిటర్ తెరలు చాలావరకు 16:9 లో ఉంటాయి. 4:3 ఫొటోను కత్తిరించి 16:9 చేస్తే ఎత్తులో సరిగ్గా నాలుగో వంతు పోతుంది. కొండలు, సముద్రం, పొలం ఉన్న ఫొటోల్లో ఆ నాలుగో వంతు పోయినా ఫరవాలేదు. బంధువులందరూ మూడు వరుసల్లో నిలబడిన ఫొటోలో మాత్రం వెనుక వరుసలోని తలలో, ముందు కూర్చున్న పిల్లల పాదాలో తెగిపోతాయి. గ్రూపు ఫొటోలను ఎట్టి పరిస్థితిలోనూ కత్తిరించవద్దు. రెండు పక్కల నల్లని ఖాళీ మిగిలినా అదే నయం.

నిలువు ఫొటోలకు నేను అనుసరించే పద్ధతి ఒకటి ఉంది. ఒక్క నిలువు ఫొటోను చూపితే తెరలో సగానికి పైగా నల్లగా మిగిలిపోతుంది కాబట్టి, ఒకదానికొకటి సంబంధం ఉన్న రెండు నిలువు ఫొటోలను పక్కపక్కన చేర్చి ఒకే బొమ్మగా చేస్తాను. విండోస్‌లోని బొమ్మలు గీసే ప్రోగ్రామ్ పెయింట్‌లో ఫైల్ మెనూ నుంచి ‘ఇమేజ్ ప్రాపర్టీస్’ తెరిచి, వెడల్పు 1920, ఎత్తు 1080 చుక్కలుగా పెట్టి, ఆ పలకను నల్లరంగుతో నింపాలి. 3:4 నిష్పత్తి గల నిలువు ఫొటోను 1080 ఎత్తుకు తగ్గిస్తే వెడల్పు 810 అవుతుంది. రెండు కలిపితే 1620; మిగిలిన 300 చుక్కలను ఎడమ అంచున 100, నడుమ 100, కుడి అంచున 100గా పంచితే చూడముచ్చటగా కుదురుతుంది. అమ్మ చిన్నప్పటి ఫొటో పక్కన అదే వయసులో కూతురి ఫొటో పెట్టి చూడండి; ఇంట్లో అందరూ ఆగి చూసేది ఆ బొమ్మ దగ్గరే.

విండోస్ ఫొటోల స్క్రీన్ సేవర్ బొమ్మల కింద వివరాలు చూపదు. ఎవరు ఎవరో చెప్పగలిగే పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే పాత ఫొటోల కాపీల మీద పేర్లు, ఊరు, సంవత్సరం రాసిపెట్టడం చాలా అవసరం. పెయింట్‌లోని అక్షరాల పనిముట్టును తీసుకుని, విండోస్‌తో పాటే వచ్చే నిర్మలా యూఐ ఖతిని (ఫాంట్‌ను) ఎంచుకుంటే తెలుగు చక్కగా పడుతుంది. ముఖాల మీద కాకుండా కింది అంచున లేత రంగులో ‘ఎడమ నుంచి’ అని మొదలుపెట్టి ఒక్క వరుసలో రాస్తే చాలు.

విండోస్‌లో అమర్చే విధానం

సెట్టింగ్స్ తెరిచి ‘పర్సనలైజేషన్’, అందులో ‘లాక్ స్క్రీన్’ కు వెళ్ళి, కిందికి జరిపితే ‘స్క్రీన్ సేవర్’ అనే లంకె కనిపిస్తుంది. విండోస్ 10 లోనూ 11 లోనూ దారి ఇదే. స్టార్ట్ మెనూలో ‘స్క్రీన్ సేవర్’ అని వెతికినా అక్కడికే చేరుకోవచ్చు. తెరుచుకున్న చిన్న పెట్టెలోని జాబితాలో ‘ఫొటోస్’ ఎంచుకుని, పక్కనున్న ‘సెట్టింగ్స్’ బటన్ నొక్కాలి. అక్కడ ‘బ్రౌజ్’ ద్వారా మీరు తయారు చేసిన ఫోల్డర్‌ను చూపాలి. ఫొటో మారే వేగానికి ‘స్లో’, ‘మీడియం’, ‘ఫాస్ట్’ అని మూడే అవకాశాలు ఉంటాయి. పేర్లు రాసిన ఫొటోలు ఉన్నప్పుడు ‘స్లో’ తప్ప మరొకటి పనికిరాదు. ‘షఫుల్ పిక్చర్స్’ గడిలో టిక్ పెడితే ఫొటోలు కలగాపులగంగా వస్తాయి. మార్పులను సేవ్ చేసి, ‘ప్రివ్యూ’ నొక్కి, మౌస్‌ను కదపకుండా కాసేపు చూడండి.

ఇక ‘వెయిట్’ దగ్గర ఇచ్చే నిమిషాల విషయంలో చాలామంది తడబడతారు. స్క్రీన్ సేవర్ మొదలయ్యే సమయమూ, తెర పూర్తిగా ఆరిపోయే సమయమూ రెండూ మీరు చివరిసారి కీబోర్డునో మౌస్‌నో తాకిన క్షణం నుంచే లెక్కకు వస్తాయి. రెండు చోట్లా 10 నిమిషాలే ఉంటే తెర ఆరిపోతుందే గాని ఫొటో ఒక్కటీ కనిపించదు. సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’ కింద ‘పవర్’ విభాగంలో తెర ఆరే సమయాన్ని 30 నిమిషాలకు పెంచి, స్క్రీన్ సేవర్‌కు 5 నిమిషాలు ఇస్తే 25 నిమిషాల పాటు ఫొటోలు నడుస్తాయి. కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్ళే సమయం కూడా అంతకంటే తక్కువ ఉండకూడదు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టినప్పటి సమయాలు, బ్యాటరీ మీద నడిచేటప్పటి సమయాలు వేరువేరుగా ఉంటాయి. బ్యాటరీ మీద ఫొటోలు నడపడం వృథా కాబట్టి అక్కడ మార్చవద్దు.

అరగంట తరువాత తెర ఆరిపోవాలని నేను పట్టుబట్టడానికి కారణం కరెంటు. పేరులో సేవర్ అని ఉన్నా ఇది విద్యుత్తును ఆదా చేయదు. 20 వాట్లు తీసుకునే మానిటర్ రోజుకు 5 గంటలు ఊరికే ఫొటోలు చూపుతూ ఉంటే పది రోజులకు ఒక యూనిట్ అవుతుంది; మేలుకుని ఉండే కంప్యూటర్ తీసుకునేది దానికి అదనం. మీ తెర ఓఎల్‌ఈడీ అయితే మరో కారణం కూడా ఉంది. ఆ తెరల్లో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, ఎంత వెలిగితే అంత అరుగుతుంది. అటువంటి తెరకు ఫొటోల కంటే త్వరగా ఆరిపోవడమే రక్ష. ఫొటోలు కావాలనుకుంటే పది నిమిషాలకు మించకుండా, వెలుగు తగ్గించి పెట్టుకోండి.

స్క్రీన్ సేవర్ పెట్టెలోనే ‘ఆన్ రెజ్యూమ్, డిస్‌ప్లే లాగాన్ స్క్రీన్’ అనే గడి ఉంటుంది. దానిలో టిక్ పెడితే స్క్రీన్ సేవర్ ఆగినప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. హాల్లో అందరూ వాడే కంప్యూటర్‌కు అక్కరలేదు గాని, ఆఫీసు పని చేసే కంప్యూటర్‌కు తప్పనిసరి. కొన్ని ఆఫీసుల్లో ఈ అమరికలను సంస్థే బిగించి ఉంచుతుంది, అప్పుడు అవి మారకపోతే మీ తప్పేమీ కాదు. ఆఫీసు తెర మీద పిల్లల ఫొటోలు, ఇంటి చిరునామా కనిపించే ఫొటోలు పెట్టకపోవడమే మేలు.

మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్ నుంచి స్క్రీన్ సేవర్ అమరికలకు వెళ్ళి, ఫొటోలు చూపే శైలుల్లో ఒకదానిని ఎంచుకుని, ఫోల్డర్‌ను గాని ఆల్బమ్‌ను గాని చూపాలి. ‘కెన్ బర్న్స్’ అనే శైలి, ఆ పేరు గల అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు వాడిన పద్ధతిలో, నిలకడగా ఉన్న ఫొటో మీద నెమ్మదిగా జరుగుతూ దగ్గరికి వెళ్తుంది. ప్రకృతి దృశ్యాలకు బాగుంటుంది గాని గ్రూపు ఫొటోలకు ‘క్లాసిక్’ మేలు. ఎంతసేపటికి మొదలవ్వాలన్నది ‘లాక్ స్క్రీన్’ విభాగంలో ఉంటుంది. లినక్స్‌లో అయితే 1992 నుంచి జేమీ జవిన్‌స్కీ నిర్వహిస్తున్న ఎక్స్‌స్క్రీన్‌సేవర్‌ను ఇన్‌స్టాల్ చేసుకుని, ‘అడ్వాన్స్‌డ్’ ట్యాబ్‌లో ఫోల్డర్‌ను ఇచ్చి, జాబితాలో ‘జీఎల్ స్లైడ్‌షో’ ఎంచుకుంటే సరి.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, అమ్మానాన్నలు ఇక్కడ ఉన్న ఇళ్ళలో ఈ ఏర్పాటుకు మరొక మెట్టు చేర్చవచ్చు. మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌ను పంచుకుని, ఇక్కడి కంప్యూటర్‌లో దానిమీద కుడి క్లిక్ చేసి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ ఎంచుకుంటే, అక్కడ చేర్చిన ఫొటో ఇక్కడి డిస్కులోకి దానంతట అదే దిగుతుంది. ఆ గుర్తు పెట్టడం మరిచిపోతే ఫైలు పేరు కనిపిస్తుంది గాని బొమ్మ ఇంటర్నెట్‌లోనే ఉండిపోవచ్చు. మనవడి మొదటి అడుగుల ఫొటోను మా పొరుగింటి పెద్దమ్మగారు ఫోన్‌లో వెతుక్కోకుండా, పూజ ముగించుకుని హాల్లోకి వచ్చి చూసిన రోజున ఈ ఏర్పాటు విలువ నాకు తెలిసింది.

స్క్రీన్ సేవర్ మొదలవకపోతే ముందుగా మౌస్‌ను అనుమానించాలి. గాజు బల్ల మీదో నిగనిగలాడే చెక్క మీదో ఉన్న ఆప్టికల్ మౌస్ ఎవరూ తాకకపోయినా కొద్దిగా కదిలినట్టు సంకేతాలు పంపుతుంది. దానిని వెల్లకిలా తిప్పి పెట్టి చూడండి. అప్పుడు ఫొటోలు మొదలైతే ఒక మందపాటి గుడ్డ లేదా ప్యాడ్ వేస్తే చాలు. బ్రౌజర్‌లో వీడియో నడుస్తున్నా, గేమ్ కంట్రోలర్ తగిలించి ఉన్నా మొదలవకపోవచ్చు. ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో ఉండి, దానిని తీసేసి ఉంటే చూపడానికి ఏమీ ఉండదు కాబట్టి ఫొటోలను కంప్యూటర్ డిస్కులోనే పెట్టుకోవాలి.

అందమైన జలపాతాలు, దేవుడి పటాలు అంటూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే స్క్రీన్ సేవర్లను దింపుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. విండోస్‌లో ఎస్‌సీఆర్ అనే ముగింపు ఉన్న ఫైలు బొమ్మ కాదు, పూర్తి ప్రోగ్రామ్. దానిని తెరవడమంటే ఎవరో తెలియనివారికి ఇంటి తాళం ఇవ్వడమే. జలపాతం కావాలంటే జలపాతం ఫొటోను మీ ఫోల్డర్‌లో వేసుకుంటే సరిపోతుంది.

రెండు మూడు నెలలకొకసారి ఫోల్డర్ తెరిచి పది ఫొటోలు కొత్తవి చేర్చి, పది పాతవి తీయండి. తీసేటప్పుడు డిలీట్ చేయకుండా ‘విరామం’ అనే మరో ఫోల్డర్‌లోకి మార్చండి, ఆ ఫోల్డర్ ‘తెర ఫొటోలు’ లోపల కాకుండా బయట ఉండాలి. పేర్లు రాసిన కాపీ అదొక్కటే అయి ఉండవచ్చు.